నేవీకి పేట్రోల్ షిప్పో ఫ్రిగేటో కట్టించాలంటే యార్డునీ డిజైన్‌నీ ఎలా ఎంచుకోవాలి

కాకినాడలో ఏటిమొగ దగ్గరో, అటు ఉప్పాడ దగ్గరో నలుగురు కూర్చుని ఉన్నప్పుడు దూరంగా బూడిద రంగు షిప్పు ఒకటి కనపడితే చాలండి, "అదెక్కడ కట్టార్రా" దగ్గర మొదలై "మన వైజాగ్ యార్డుకే ఇచ్చుంటే ఈపాటికి పది దిగేవి" దాకా వెళ్ళిపోద్ది. ఇండియా, అమెరికా కలిసి చేసే టైగర్ ట్రయంఫ్ విన్యాసాలప్పుడైతే (2019, 2024, 2025 మూడుసార్లూ కాకినాడ బీచ్‌కే వచ్చారు) ఇక చెప్పక్కర్లేదు. సరే, నిజంగానే మీ చేతిలో డబ్బు పెట్టి షిప్పులు కట్టించండి బాబూ అంటే ఏ వరసలో ఆలోచించాలో నాకు తెలిసినంత రాస్తున్నా. డిఫెన్స్ పరీక్షలకి చదివే పిల్లలకి పనికొస్తుంది, ఊరికే వాదించుకునే వాళ్ళకి ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

ముందు పనేంటో రాయండి, షిప్పు పేరు తర్వాత

బ్రోచర్ తెరవకండి. ఒక తెల్లకాగితం తీసుకుని ఈ షిప్పు రోజూ ఏం చెయ్యాలో రాయండి, యుద్ధం వచ్చిన రోజు కాదు, మామూలు మంగళవారం నాడు ఏం చెయ్యాలో. మన ముందున్న సముద్రమే తీసుకోండి. కేజీ బేసిన్‌లో ఓఎన్జీసీ 98/2 బ్లాకు నుంచి 2024 జనవరిలో ఆయిల్ మొదలైంది, డీ6 గ్యాస్ గాడిమొగలో ఒడ్డుకొస్తుంది, అంటే నీళ్ళ మీదా నీళ్ళ కిందా కోట్ల విలువైన సామాను ఉంది, దాని చుట్టూ మన బోట్లు వేటాడతాయి, తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ దాకా మన హక్కు, పైగా ఏటా తుఫాన్లు. ఇక్కడ కావాల్సింది రోజుల తరబడి సముద్రంలో ఉండగలిగే షిప్పు, ఒక హెలికాప్టర్ దిగడానికి డెక్, బోటు ఆపి చెక్ చెయ్యడానికి రెండు స్పీడ్ బోట్లు, ఒక ఓ మోస్తరు గన్, రక్షించి తెచ్చిన వాళ్ళని పడుకోబెట్టడానికి కాస్త చోటు. అంతే. మిసైళ్ళు అక్కర్లేదు. దీన్నే ఆఫ్‌షోర్ పేట్రోల్ వెసెల్ అంటారు, ఓపీవీ.

ఓపీవీ అంటే చిన్నచూపు చూస్తారు గానీ ఐఎన్ఎస్ సుమిత్ర సంగతి చూడండి, గోవా షిప్‌యార్డ్ కట్టింది. 2015లో యెమెన్‌లోని ఏడెన్ నుంచి మనవాళ్ళని తీసుకొచ్చింది, 2023లో సూడాన్ నుంచి ఇదే రకం సుమేధ తీసుకొచ్చింది, మళ్ళీ సుమిత్రే 2024 జనవరిలో రెండ్రోజులు తిరక్కుండానే దొంగల చేతిలో ఉన్న రెండు ఇరాన్ ఫిషింగ్ బోట్లని విడిపించింది. ఈ పనులకి ఫ్రిగేట్ పంపితే అది డబ్బు తగలెయ్యడమే.

ఫ్రిగేట్ పని వేరు. సబ్‌మెరైన్‌ని వెతకాలి, విమానాన్నీ మిసైల్‌నీ గాల్లోనే కొట్టాలి, ఎదుటి షిప్పుని దూరం నుంచి ముంచాలి. మన ప్రాజెక్ట్ 17ఏ నీలగిరి క్లాస్ చూడండి, దాదాపు 6,670 టన్నులు, విమానాల్నీ మిసైళ్ళనీ కొట్టే బరాక్-8 మిసైళ్ళు 32, షిప్పుల్ని కొట్టే బ్రహ్మోస్ మిసైళ్ళు 8, 76 ఎంఎం గన్. అదే 2023 మార్చిలో ఆర్డరిచ్చిన కొత్త తరం ఓపీవీ సుమారు 3,000 టన్నులు.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ ఓపీవీలు 11 కలిపి 9,781 కోట్లు, అంటే ఒక్కోటి 890 కోట్ల లోపు. 17ఏ ఫ్రిగేట్లు 7 కలిపి సుమారు 45,000 కోట్లు, ఒక్కోటి 6,400 కోట్ల పైమాట. రెండు కాంట్రాక్టులకీ మధ్య ఏళ్ళ తేడా ఉంది, ధరల్ని పక్కపక్కన పెట్టడం పూర్తిగా న్యాయం కాదు, అయినా ఒక ఫ్రిగేట్ డబ్బుతో ఏడు ఓపీవీలు వస్తాయన్నమాట. అందరూ జారిపడేది ఈ రెండిటి మధ్యలోనే: ఓపీవీకి "ఎలాగూ కడుతున్నాం కదా, నాలుగు మిసైళ్ళు కూడా పెట్టెయ్యండి" అంటారు, మిసైల్ అంటే రాడార్ కావాలి, రాడార్‌కి కరెంటూ కూలింగూ కావాలి, వాటికి మనుషులు కావాలి, మనుషులకి బంకులూ వంటిల్లూ కావాలి, చివరికి ఫ్రిగేట్ ఖరీదుకి దగ్గరపడి ఫ్రిగేట్ పని చెయ్యలేని షిప్పు ఒకటి తయారవుద్ది. ఆస్ట్రేలియా వాళ్ళకి ఇంకో రకంగా తగిలింది. అరఫూరా క్లాస్ ఓపీవీలు 12 అనుకున్నారు, జర్మన్ లుర్సెన్ డిజైన్, పెడదామనుకున్న 40 ఎంఎం గన్ మధ్యలో రద్దయ్యి 25 ఎంఎం మిగిలింది, ఈలోపు చుట్టుపక్కల పరిస్థితి మారి 2024లో రివ్యూ వేస్తే ఇవి పోరాటానికి పనికిరావని తేల్చి 12 ని 6 చేశారు. పేట్రోల్ షిప్పుని పేట్రోల్‌కే అనుకుని కట్టుకుంటే 6 చాలేమో ముందే తెలిసేది.

స్పీడ్ గురించి ఒక్క ముక్క. 20 నాట్ల (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు) నుంచి 25 నాట్లకి పెంచండి అని సులువుగా అనేస్తారు, కానీ కావాల్సిన ఇంజన్ పవర్ సుమారుగా స్పీడ్‌కి ఘనంలో పెరుగుద్ది, అంటే ఆ 5 నాట్లకి పవర్ దాదాపు రెండింతలు. పారిపోయే బోటుని పట్టుకునేది షిప్పు కాదు, దాని మీదున్న హెలికాప్టర్, స్పీడ్ బోట్లు. ఆ డబ్బు షిప్పు పొడుగు మీద పెట్టండి, పొడుగైన షిప్పు అలల మీద తక్కువ ఊగుతుంది, ఆషాఢం గాలుల్లో కూడా హెలికాప్టర్ దిగగలుగుతుంది.

ఎన్ని కావాలి అంటే, ఎప్పుడూ ఒకటి సముద్రంలో ఉండాలంటే మూడు కొనాలి. ఒకటి డ్యూటీలో, ఒకటి ట్రైనింగ్‌లో, ఒకటి రిపేర్లో. దీన్ని బట్టి బడ్జెట్ వేసుకోండి.

డిజైన్: తేలిన షిప్పునే ఎంచుకోండి, ఎంచుకున్నాక వేలు పెట్టకండి

రెండు దార్లున్నాయి. సొంత డిజైన్ గీయించుకోవడం, లేదా వేరే దేశం ఇప్పటికే నడుపుతున్న షిప్పుని తెచ్చుకోవడం. మన నేవీకి సొంత వార్‌షిప్ డిజైన్ బ్యూరో ఉంది, 2025 ఆగస్టులో వైజాగ్‌లో కమిషన్ అయిన (అంటే నేవీ సర్వీసులో చేరిన) ఉదయగిరి వాళ్ళు డిజైన్ చేసిన 100వ షిప్పు, అంత అనుభవం ఉంటే సొంతంగా గీసుకోవచ్చు. లేని దేశాలు తెచ్చుకోవడమే మేలు. బ్రిటన్ అంతటి దేశమే టైప్ 31 ఫ్రిగేట్‌కి డెన్మార్క్ ఇవెర్ హుయిట్‌ఫెల్ట్ డిజైన్ తీసుకుంది.

అసలు తంటా ఎక్కడంటే, రెడీమేడ్ డిజైన్ అని తెచ్చుకుని దాన్ని మొత్తం విప్పేసి మళ్ళీ కుట్టడం దగ్గర. అమెరికా కాన్‌స్టెలేషన్ ఫ్రిగేట్ కథ దీనికి పాఠ్యపుస్తకం. యూరప్‌లో చక్కగా తిరుగుతున్న ఫ్రెమ్ డిజైన్‌ని 2020 ఏప్రిల్లో ఎంచుకున్నారు, 85 శాతం అదే షిప్పు, మిగతా 15 శాతం మార్పులు అనుకున్నారు. ఇక మా రూల్స్ వేరు, మా పరికరాలు వేరు అంటూ మారుస్తూ పోతే చివరికి పాత షిప్పుతో పోలిక 15 శాతం కంటే తక్కువకి పడింది. తలకిందులు. దానికి తోడు డిజైన్ పూర్తి కాకుండానే 2022 ఆగస్టులో కట్టడం మొదలెట్టేశారు, బరువు పదిశాతం పైన పెరిగింది, 2026లో రావాల్సిన మొదటి షిప్పు 2029కి వెళ్ళింది, 2025 నవంబర్లో మొదటి రెండూ ఉంచి మిగతావి రద్దు చేశారు.

తాళ్ళరేవులో బోటు కట్టించినోళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. పక్క పలకలు బిగించేశాక ఓనరు గారొచ్చి "ఐస్ బాక్సు ఇంకో రెండడుగులు పెంచెయ్ మేస్త్రీ" అంటారు, మేస్త్రి పైకి "అలాగేనండి, ఆయ్" అంటాడు, ఆ బోటు జన్మంతా ఒక పక్కకి వాలే నడుస్తుంది, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటారు.

అదే ఆస్ట్రేలియా, అరఫూరా దెబ్బతోనూ హంటర్ ఫ్రిగేట్ల దెబ్బతోనూ (బ్రిటిష్ టైప్ 26 తీసుకుని మార్పులు చేసుకున్నారు, 9 అనుకున్నవి 6 అయ్యాయి) ఈసారి దారి మార్చింది. 2025 ఆగస్టులో జపాన్ మొగామీ ఫ్రిగేట్ మెరుగుపరిచిన రకాన్ని ఎంచుకుంది, మొత్తం 11, మొదటి మూడూ జపాన్‌లోనే కట్టించి తర్వాతవి తమ దేశంలో, మార్పులు వీలైనంత తక్కువ. మొగామీకి సిబ్బంది సుమారు 90 మందే. మనుషుల జీతాలే షిప్పు జీవితకాలం ఖర్చులో పెద్ద వాటా, కాబట్టి డిజైన్లు పోల్చేటప్పుడు సిబ్బంది సంఖ్యని తప్పకుండా చూడండి. కాకపోతే మంటలొస్తే ఆర్పడానికి కూడా ఆ 90 మందే ఉంటారు, అది కూడా అడగండి.

డిజైన్ వాళ్ళని కూర్చోబెట్టినప్పుడు బరువు గురించి గట్టిగా పట్టుకోండి. షిప్పు మొదటి రోజే నిండిపోయి ఉంటే తర్వాత 30 ఏళ్ళలో కొత్త రాడార్, కొత్త మిసైల్ ఎక్కడ పెడతారు? బరువులో, కరెంటులో, కూలింగ్‌లో ఎంత మిగులు ఉంచారో కాగితం మీద రాయించుకోండి. బరువు ఎంతన్నదే కాదు, ఎంత ఎత్తులో ఉందన్నది కూడా ముఖ్యం. అది తేల్చే పరీక్ష ఒకటుంది, ఇంక్లైనింగ్ టెస్ట్ అంటారు, చూడ్డానికి చాలా సింపుల్. షిప్పు నిలకడ నీళ్ళలో ఉండగా గాలి లేని టైం చూసుకుని తాళ్ళు వదులు చేస్తారు, లోపల పొడుగాటి తీగకి బరువు కట్టి లోలకంలా వేలాడదీస్తారు, అది ఊగిపోకుండా కింద బరువుని నూనె తొట్టిలో ముంచి ఉంచుతారు, డెక్ మీద తూకం తెలిసిన దిమ్మల్ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జరుపుతారు, జరిపినప్పుడల్లా లోలకం స్కేలు మీద ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో రాసుకుంటారు. కోట్ల కంప్యూటర్ మోడళ్ళు చెప్పిన మాట నిజమో అబద్ధమో ఆ తీగ చెప్పేస్తుంది. జర్మనీ ఎఫ్125 మొదటి ఫ్రిగేట్ బాడెన్ వుర్టెంబెర్గ్ అనుకున్న దానికంటే బరువెక్కువై, పైగా ఒక పక్కకి 1.3 డిగ్రీలు వాలి ఉందని నేవీ వెనక్కి పంపేసింది.

ఇంజన్లు ఏ దేశం నుంచి వస్తాయో కూడా డిజైన్లో భాగమే అనుకోండి. మనం రష్యాతో తల్వార్ రకం ఫ్రిగేట్లు ఇంకో నాలుగు ఒప్పందం చేసుకున్నాం, కానీ వాటి గ్యాస్ టర్బైన్లు ఉక్రెయిన్‌లోని జోర్యా కంపెనీవి. 2014 తర్వాత ఆ రెండు దేశాలకి పడట్లేదు, ఉక్రెయిన్ రష్యాకి ఇవ్వదు, దాంతో మనమే ఉక్రెయిన్ దగ్గర కొని రష్యా యార్డుకి పంపాల్సొచ్చింది. ఆ షిప్పుల్లో తుషిల్ 2024 డిసెంబర్లో, తమాల్ 2025 జూలైలో మన చేతికొచ్చాయి, మిగతా రెండూ గోవాలో కడుతున్నారు. ఉక్కు సంగతీ అంతే, విమానాలు మోసే విక్రాంత్ కట్టేటప్పుడు రష్యా నుంచి ఉక్కు రాక పని ఆగితే, మన హైదరాబాద్ డీఎంఆర్ఎల్ ల్యాబు తయారుచేసిన డీఎంఆర్ 249 రకం ఉక్కుని ప్రభుత్వ ఉక్కు కంపెనీ సెయిల్ పోత పోసింది. అందుకే ప్రతి పెద్ద సామాను పక్కన రెండో దారి ఏంటో రాసుకోండి, రెండో దారి లేదంటే ఆ సామానుని ముందే కొని గోడౌన్లో పడెయ్యండి.

యార్డు: ఊరి అభిమానం గేటు బయట వదిలి రండి

ఇక్కడే మనవాళ్ళందరికీ కోపమొస్తుంది. వైజాగ్ హిందుస్థాన్ షిప్‌యార్డ్ మనదే, 1948లో జల ఉష దిగింది అక్కడే, సుకన్య క్లాస్ పేట్రోల్ షిప్పుల్లో మొదటి మూడు కొరియాలో కడితే తర్వాత నాలుగు ఇక్కడే కట్టారు. గర్వమే. కానీ ఇదే యార్డులో సింధుకీర్తి సబ్‌మెరైన్ రిఫిట్‌కి, అంటే పెద్ద రిపేరుకి, 2006లో వెళ్ళి 2015లో బయటికొచ్చింది, అది కూడా మర్చిపోకూడదు. ఇదే యార్డు 2025 జూలైలో నిస్తార్ డైవింగ్ సపోర్ట్ షిప్పుని నేవీకి ఇచ్చింది, సముద్రంలో ఉన్న షిప్పులకి ఇంధనం, సరుకులు అందించే 44,000 టన్నుల ఫ్లీట్ సపోర్ట్ షిప్పులు అయిదు కడుతోంది. అంటే యార్డుకి శాశ్వతంగా మంచి పేరూ లేదు, చెడ్డ పేరూ లేదు, మీరు చూడాల్సింది గత అయిదారేళ్ళలో ఏం డెలివరీ చేశారు, చెప్పిన తేదీకి ఎంత ఆలస్యంగా చేశారు, ఇప్పుడు చేతిలో ఎన్ని ఆర్డర్లున్నాయి అని. నా మటుకు నేనైతే వైజాగ్‌కి పెద్ద సపోర్ట్ షిప్పులూ రిఫిట్లూ ఇచ్చి, ఓపీవీలు గోవాకే ఇస్తాను, వాళ్ళు అదే రకం వరసపెట్టి కడుతున్నారు కాబట్టి చెయ్యి తిరిగి ఉంటుంది. తిట్టాలనుకునేవాళ్ళు తిట్టొచ్చు.

యార్డు బ్యాంకు ఖాతా చూడకుండా క్రేన్ చూసి మోసపోకండి. గుజరాత్ పిపావవ్‌లో ఎంత పెద్ద డ్రైడాక్ (నీళ్ళు తోడేసి షిప్పు అడుగున పని చేసే గొయ్యి) ఉందో, ఆ యార్డుకి 2011లో 5 ఓపీవీలు ఇచ్చారు. 2017లో శచి, శ్రుతి రెండూ నీళ్ళలోకి దించి ఫొటోలు కూడా దిగారు. కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది, నేవీ బ్యాంక్ గ్యారంటీలు నగదు చేసుకుంది, 2020లో ఆర్డరే రద్దు. ఒక్క షిప్పు కూడా నేవీ చేతికి రాలేదు. ఆ ఫొటోలు చూసి చప్పట్లు కొట్టినోళ్ళం మనందరం. లాంచింగ్ అంటే బాడీ తేలుతోందని మాత్రమే, లోపల తీగలూ పైపులూ ఇంజన్ సెట్టింగులూ ఆయుధాలూ బోలెడంత మిగిలే ఉంటాయి. నీలగిరి 2019 సెప్టెంబర్లో లాంచ్ అయితే నేవీకి అందింది 2024 డిసెంబర్లో.

అదే క్లాసులో రెండో షిప్పు ఉదయగిరి మాత్రం లాంచ్ అయిన 37 నెలలకే అందింది. ఇదొక పెద్ద పాయింటు, మొదటి షిప్పు ఎప్పుడూ నేర్చుకోవడానికే పోతుంది, కాబట్టి ఒకటి రెండు షిప్పులకి ఆర్డరిచ్చి ఆపేస్తే నేర్చుకున్నదంతా గంగలో కలిసినట్టే. ఒకే డిజైన్‌ని ఎక్కువ సంఖ్యలో ఇవ్వండి, కావాలంటే రెండు యార్డులకి పంచండి. 17ఏలో మజగావ్ డాక్‌కి 4, కలకత్తా గార్డెన్ రీచ్‌కి 3 ఇచ్చారు, అలా రెండు చోట్ల కట్టిన ఉదయగిరి, హిమగిరి ఒకే రోజు, 2025 ఆగస్టు 26న, వైజాగ్‌లో కమిషన్ అయ్యాయి. కొత్త ఓపీవీల్లో కూడా గోవా లీడ్ యార్డు, 7 వాళ్ళవి, 4 గార్డెన్ రీచ్‌వి. డ్రాయింగులు లీడ్ యార్డు ఇవ్వాలి, రెండోవాళ్ళు అవే వాడాలి, ఎవరికి వాళ్ళు పంపులూ వాల్వులూ మార్చేసుకుంటే రేపు స్పేర్ పార్టులు రెండు సెట్లు పెట్టుకోవాలి.

యార్డుకి వెళ్ళే అవకాశం వస్తే కాన్ఫరెన్స్ రూంలో టీ బిస్కెట్లకి లొంగకుండా నేరుగా షాప్ ఫ్లోర్ మీదకి నడవండి. ఇప్పుడు షిప్పుని బ్లాకులుగా కడతారు, ఒక్కో బ్లాకుని షెడ్డులోనే తలకిందులుగా పెట్టి వెల్డింగ్ చేసి, పైపులూ కేబుల్ ట్రేలూ బిగించి, అప్పుడు ఒకదానికొకటి అతికిస్తారు. యార్డువాళ్ళ మాటల్లో 1-3-8 అని ఒక లెక్కుంది, షెడ్డులో గంట పట్టే పని బ్లాకు మీద మూడు గంటలు, షిప్పు నీళ్ళలో పడ్డాక ఎనిమిది గంటలు. అందుకని బ్లాకు లోపలికి తొంగి చూడండి, పైపులు ఉన్నాయా, ఖాళీ డబ్బాలా ఉందా. ఇంకో గుర్తు, పెయింట్ వేసేసిన గోడలకి మళ్ళీ కటింగ్ చేసి కన్నాలు పెట్టి చుట్టూ రంగు మాడిపోయి ఉందేమో చూడండి. ఒకటి రెండు చోట్లంటే పర్లేదు. గోడ గోడకీ అలా ఉందంటే డ్రాయింగ్ పూర్తవకుండానే పని మొదలెట్టారనే అర్థం, ఎవర్నీ అడగక్కర్లేదు. వెల్డర్లు కంపెనీ వాళ్ళా, ఏ రోజుకారోజు కాంట్రాక్టర్ తోలుకొచ్చిన వాళ్ళా అన్నది కూడా క్యాంటీన్‌లో కూర్చుంటే తెలిసిపోద్ది.

కాంట్రాక్టులో ఏం రాయించాలి

మన దగ్గర టెక్నికల్‌గా పాసైన వాళ్ళలో తక్కువ రేటు వేసినోడికి, అంటే ఎల్1 కి, వెళ్తుంది. తప్పు లేదు, కానీ కొనే రేటు ఒక్కటే చూస్తే తర్వాత డీజిల్లో, స్పేర్లలో అంతకంతా కక్కాలి, 25-30 ఏళ్ళ ఖర్చు మొత్తం వేసి పోల్చాలి. డబ్బులు తేదీ చూసి కాదు, జరిగిన పని చూసి వదలండి, అదీ స్టీల్ కటింగ్ పూజలూ కీల్ లేయింగ్ కొబ్బరికాయలూ చూసి కాకుండా, ఎన్ని బ్లాకులు పైపులతో సహా పూర్తయ్యాయో చూసి. స్టీల్ కోసే ముందు డిజైన్ ఎంత శాతం ఫ్రీజ్ అవ్వాలో రాయించండి, ఆ తర్వాత నేవీ వైపు నుంచి మార్పు కావాలంటే పెద్ద స్థాయిలో సంతకం ఉంటేగానీ కుదరదని కూడా రాయించండి. చాలాసార్లు ఆలస్యానికి కారణం యార్డు కాదు, మనసు మార్చుకునే మనమే.

ఆయుధాల కాంట్రాక్టు వేరే ఫైల్లో నడుస్తుంది, రెండిటి తేదీలూ కలుస్తున్నాయో లేదో ఎవరో ఒకళ్ళు కూర్చుని చూడాలి. 2014లో వైజాగ్‌లో కమిషన్ అయిన కమోర్తా సబ్‌మెరైన్ వేట కోసం కట్టిన షిప్పు, కానీ విమానాల్ని కొట్టే మిసైళ్ళూ, వెనకాల లాగే సోనారూ (నీళ్ళలో శబ్దంతో సబ్‌మెరైన్‌ని పసిగట్టే పరికరం) లేకుండానే సర్వీసులోకి వచ్చింది.

డ్రాయింగుల మీద హక్కు ఎవరిది, సాఫ్ట్‌వేర్ మనం మార్చుకోవచ్చా, ఒడ్డున గోడౌన్లో ఉంచుకునే బేస్ అండ్ డిపో స్పేర్లు షిప్పుతోపాటే వస్తాయా లేక రెండేళ్ళ తర్వాతా, ఇవన్నీ సంతకానికి ముందే తేల్చుకోవాలి, సంతకం అయ్యాక అడిగితే ప్రతిదానికీ కొత్త రేటు. గ్యారంటీ ఏడాది అయ్యాక డ్రైడాక్ ఎక్కించి కింద భాగం చూపించే ఖర్చు ఎవరిదో కూడా ఒక లైను ఉండాలి. ఇంక చివర్లో ఆ షిప్పు ఏ రేవులో ఉండబోతోందో ఆ రేవు లోతూ, అక్కడి డాక్ పొడుగూ, ఒడ్డు నుంచి ఇచ్చే కరెంటు సరిపోతుందో లేదో యార్డు వాళ్ళతో పాటు డాక్‌యార్డ్ మనిషిని కూడా కూర్చోబెట్టి లెక్క చూసుకోండి. కాకినాడ బే చూస్తున్నారుగా, ఏటేటా మేటేసుకుపోతోంది, ఇక్కడికి తరచూ వచ్చి ఆగాల్సిన పేట్రోల్ షిప్పైతే అది ఎంత లోతు మునుగుతుందన్నది బ్రోచర్లో ఆఖరి పేజీలో ఉన్నా మీరు మాత్రం మొదటి రోజే అడగండి.